ఇంగ్లీషు టీచరుగా విదేశానికి: సంతకం పెట్టక ముందు చూడవలసిన కాగితాలు

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర నిలబడి నాలుగు వైపులా చూస్తే స్పోకెన్ ఇంగ్లీషు, ఐఈఎల్‌టీఎస్ అని రాసిన బోర్డులు లెక్కకు అందవు. చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్.బి.నగర్ చౌరస్తా వరకూ మెట్రో స్తంభాల పొడవునా అదే వరుస. ఇంగ్లీషు చెప్పడం మన నగరానికి కొత్త విద్య కాదు. దేశమంతటి ఇంగ్లీషు ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వం 1958లో ఒక సంస్థను పెట్టింది ఇక్కడే. తార్నాక దగ్గరి ఇఫ్లూ విశ్వవిద్యాలయం దాని నేటి రూపమే. కానీ ఈ బోర్డుల కింద పాఠం చెప్పే యువతీ యువకుల జీతం హాస్టలు అద్దెకు, బస్సు పాసుకు సరిపోతే గొప్ప. అందుకే డిగ్రీ, బీ.ఎడ్. చేతికి రాగానే చూపు విమానాశ్రయం వైపు తిరుగుతుంది. అందులో తప్పేమీ లేదు.

మన సంఘం దాతలకు ఈ విషయం ఎందుకు చెబుతున్నామంటే, టీచరు ఉద్యోగానికి వెళ్లి చిక్కుకున్న వారి కుటుంబాలు సహాయం కోసం మన తలుపు తట్టేది చాలావరకు చివరి దశలో. అప్పటికే తల్లి బంగారం తాకట్టులో ఉంటుంది, వడ్డీ నడుస్తూ ఉంటుంది, పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటుంది. వారు అడిగేది ఒక్కటే, తిరుగు టికెట్టు. ఆ టికెట్టు డబ్బులో చిన్న భాగం బయలుదేరక ముందే ఖర్చు పెడితే చాలా సందర్భాల్లో ఆ టికెట్టు అవసరమే రాదని మా అభిప్రాయం. ఎందుకో వివరంగా చెబుతాం.

మొదటి కారణం చాలామందికి తెలియనిది. గల్ఫ్‌కు తాపీ పనికో, ఇంటి పనికో వెళ్లే పదో తరగతి చదవని మనిషికి 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కొంత అండగా ఉంది. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్, మలేషియా, థాయిలాండ్ వగైరా 18 దేశాలకు అతను వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. ఆ కార్యాలయం మన హైదరాబాదులోనూ ఉంది. ఒప్పందం, జీతం, ఏజెంటు వివరాలు అక్కడ ఒకరు చూస్తారు. పది లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. అదే పదో తరగతి దాటిన వారి పాస్‌పోర్టుకు ఆ అనుమతి అక్కరలేదు. దీన్నే మనవాళ్లు ఈసీఎన్ఆర్ అని గర్వంగా చెప్పుకుంటారు. చదువుకున్నవాడు తన మేలు తాను చూసుకోగలడని ప్రభుత్వం లెక్క. నర్సుల విషయంలో ఆ లెక్క తప్పిందని గ్రహించి, 2015లో వారికి పాస్‌పోర్టు ఏదైనా అనుమతి తప్పనిసరి చేశారు. టీచర్లకు అలాంటిదేమీ రాలేదు. ఎం.ఏ. ఇంగ్లీషు చదివిన అమ్మాయి పట్టుకెళ్లే ఒప్పందాన్ని శంషాబాదు దాటేదాకా ఎవ్వరూ తెరిచి చూడరు.

ఈ తేడా ఎంత పెద్దదో ఒక్క ఉదాహరణ. కార్మికుల కోసం మన ప్రభుత్వం నిర్ణయించిన కనీస సిఫారసు వేతనాలను 2020లో గల్ఫ్ దేశాలకు బాగా తగ్గించినప్పుడు తెలంగాణ వలస కార్మిక సంఘాలు గొంతెత్తాయి, విషయం మన హైకోర్టుకు వెళ్లింది, మరుసటి ఏడాది పాత వేతనాలు తిరిగి వచ్చాయి. కూలీ వెనుక ఒక సంఘం, ఒక పిటిషను ఉన్నాయి. టీచరమ్మ వెనుక ఎవరున్నారు?

ఇక వీసా సంగతి. ఏజెంటు నోట ‘టీచర్ జాబ్’ అని వింటాం, పాస్‌పోర్టులో అతికించేది మరొకటి. విజిట్ వీసా మీద రండి, వచ్చాక మార్చేస్తాం అనేది అన్నింటికంటే ఎక్కువగా వినే మాట. విజిట్ వీసా మీద పని చేయడం గల్ఫ్ దేశాలన్నింటిలో నేరం. జీతం ఇవ్వకపోతే అడగడానికి కూడా నోరు లేవదు, ఫిర్యాదు చేస్తే ముందు దొరికేది తామే. కువైట్‌లో ప్రైవేటు సంస్థల ఉద్యోగికి పద్దెనిమిదో నంబరు వీసా, ఇంటి పనివారికి ఇరవయ్యో నంబరు వీసా ఇస్తారు. ఇరవైలో వెళ్లి బడిలో పాఠం చెబితే చట్టం దృష్టిలో ఆమె టీచరు కాదు, పారిపోయిన పనిమనిషి. సౌదీలో యజమాని ‘హురూబ్’ రాయించాడంటే ఇఖామా ఉన్నా లేనట్టే. 2021 మార్చిలో అక్కడ తెచ్చిన సంస్కరణలతో ప్రైవేటు ఉద్యోగులు యజమాని మారడం కొంత తేలికైంది. ఇంటి పనివారికీ డ్రైవర్లకూ మాత్రం అవి వర్తించవు. కాబట్టి వీసాలో ఏ వృత్తి రాశారన్నది అక్షరం తేడా కాదు, హక్కు తేడా.

భర్త ఇఖామా మీద వెళ్లిన సోదరీమణులది మరో సమస్య. జిద్దా, రియాద్‌లలోని భారతీయ పాఠశాలల్లో పాఠాలు చెప్పేవారిలో ఇలాంటి గృహిణులు ఎందరో. 2017 జులై నుంచి సౌదీ ప్రభుత్వం కుటుంబ సభ్యుల మీద నెలకు తలకు 100 రియాళ్ల రుసుము మొదలుపెట్టి, ఏటా పెంచుతూ 2020 నాటికి 400 చేసింది. భార్యా ముగ్గురు పిల్లలూ అంటే నెలకు 1,600 రియాళ్లు. ఆమె జీతం దానికే పోతుంది. మలక్‌పేట, సైదాబాద్, సంతోష్‌నగర్ బడుల్లో ఆ ఏళ్లలో మధ్యలో చేరిన పిల్లలు ఎక్కడి నుంచి వచ్చారో ఆ వీధులవారికి చెప్పనక్కరలేదు.

జీతం విషయం కాస్త నిదానంగా చూద్దాం, ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. ఒప్పందంలో ‘మొత్తం 3,000 దిర్హాములు’ అని ఉంటే మనవాళ్లు వెంటనే రూపాయల్లోకి మార్చుకుని సంతోషిస్తారు. ఆ మూడు వేలలో మూల వేతనం ఎంత, అలవెన్సులు ఎంత అని అడిగేవారు తక్కువ. యూఏఈ చట్టం ప్రకారం ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం. మూల వేతనం 1,200 అని రాసి ఉంటే ఏడాదికి 840 దిర్హాములు, ఐదేళ్లకు 4,200. అదే 2,400 అని రాసి ఉంటే ఐదేళ్లకు 8,400. నెల జీతం రెండింటిలోనూ ఒక్కటే, చివరికి చేతికొచ్చేది సగం. ఇది మోసం కూడా కాదు, చట్టబద్ధమైన లెక్క. సంతకం పెట్టక ముందు తప్ప దాన్ని మార్చే దారి లేదు.

వేసవి సెలవులు రెండోది. జీతం పన్నెండు నెలలకా, పది నెలలకా అన్నది రాసి ఉండాలి. జులై, ఆగస్టు నెలల్లో జీతం లేదు, అద్దె మాత్రం ఉంది అంటే పొదుపు చేసినదంతా ఆ రెండు నెలల్లో కరిగిపోతుంది. మూడోది, బ్యాంకులో వేసి చేతిలో వెనక్కి తీసుకోవడం. యూఏఈ 2009లో, సౌదీ 2013లో, ఖతర్ 2015లో జీతాలు బ్యాంకు ద్వారానే చెల్లించాలనే పద్ధతి తెచ్చాయి. మంచి పద్ధతి. దానికి విరుగుడు కనిపెట్టిన యజమానులూ ఉన్నారు. కాగితం మీద చూపిన జీతం ఖాతాలో పడుతుంది, మరునాడు అందులో కొంత నగదుగా తెచ్చి ఇమ్మంటారు. ఇచ్చినవారి దగ్గర రుజువు ఉండదు, ఇవ్వనివారికి ఉద్యోగం ఉండదు. ఒక గల్ఫ్ దేశంలోని ఒక బడిలో పనిచేసి వచ్చిన సోదరి ఈ లెక్కను పాత స్కూలు డైరీలో తేదీలతో సహా రాసుకుని తెచ్చి మాకు చూపింది. ఆ డైరీ తప్ప ఆమెకు వేరే సాక్ష్యం లేదు.

యూఏఈలో 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టంలో ఉద్యోగికి పనికొచ్చే మాటలు చాలా ఉన్నాయి. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. (మన పాస్‌పోర్టు చట్టం ప్రకారమూ అది భారత ప్రభుత్వ ఆస్తి, తాకట్టు వస్తువు కాదు.) నియామకపు ఖర్చులు ఉద్యోగి నుంచి వసూలు చేయకూడదు. ప్రొబేషన్ ఆరు నెలలకు మించకూడదు. లక్ష దిర్హాముల లోపు జీతపు తగాదాకు కోర్టు రుసుము లేదు. ఇంతటి చట్టం ఉండగా మనవాళ్లు ఫిర్యాదు చేయకుండా తిరిగి వచ్చేస్తున్నారంటే కారణం భయం ఒక్కటే కాదు. సంతకం చేసిన ఒప్పందం నకలు వారి చేతిలో ఉండదు.

సర్టిఫికెట్ల ధ్రువీకరణ కూడా ఇక్కడే పూర్తి కావాలి. డిగ్రీ ముందు రాష్ట్ర ప్రభుత్వ స్థాయిలో, తరువాత విదేశాంగ శాఖలో ధ్రువీకరించాలి. సౌదీకి 2022 డిసెంబరులో అపోస్టిల్ ఒప్పందం అమల్లోకి వచ్చింది కనుక ఆ దేశానికి అపోస్టిల్ ముద్ర చెల్లుతుంది. యూఏఈ, కువైట్, ఖతర్‌లకు ఆయా దేశాల రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. దూరవిద్యలో చదివిన డిగ్రీలకు గల్ఫ్‌లో గుర్తింపు విషయంలో భారతీయ టీచర్లు ఇదివరకే ఇబ్బంది పడ్డారు, కాబట్టి అలాంటి డిగ్రీ ఉన్నవారు టికెట్టు కొనక ముందే బడి యాజమాన్యం నుంచి రాతపూర్వకంగా సమాధానం తీసుకోవాలి. కోచింగ్ సెంటర్లు అమ్మే 120 గంటల టెఫల్ సర్టిఫికెట్ మంచిదే కావచ్చు, బీ.ఎడ్.కు బదులు మాత్రం కాదు.

తూర్పు ఆసియా ఆశ చూపేవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కొరియా ఇంగ్లీషు బోధన వీసాను ప్రధానంగా ఏడు దేశాల వారికే ఇస్తుంది: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. 2010 నాటి వాణిజ్య ఒప్పందం మనకు ఒక సన్నని దారి ఇచ్చింది, అదీ ఉపాధ్యాయ అర్హత ఉన్నవారికి. చైనా కూడా ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న దేశాల పాస్‌పోర్టునే అడుగుతుంది. మన పిల్లల ఇంగ్లీషు ఎంత చక్కగా ఉన్నా అక్కడ చూసేది పాస్‌పోర్టు రంగు. ఇది అన్యాయమే, కానీ తెలిసి ఉండవలసిన అన్యాయం. థాయిలాండ్ 2023 నవంబరులో భారతీయులను వీసా లేకుండా రానిచ్చింది. ఆ ప్రవేశం చూడటానికే, పని చేయడానికి కాదు. అక్కడ బడిలో చెప్పాలంటే నాన్ ఇమిగ్రెంట్ ‘బి’ వీసా, వర్క్ పర్మిట్ రెండూ ఉండాలి. బ్యాంకాక్‌లో దిగాక ఏం జరగవచ్చో పత్రికల్లో చూశాం. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు సైబర్ మోసాల శిబిరాల నుంచి బయటపడిన ఐదు వందల మందికి పైగా భారతీయులను థాయిలాండ్ మీదుగా వాయుసేన విమానాల్లో తెచ్చారు. వారిలో తెలుగు పిల్లలూ ఉన్నారు. ఇంగ్లీషు బాగా వచ్చిన వారే ఆ శిబిరాలకు కావాలి.

ఏజెంటును ఎలా గుర్తించాలి అని తల్లిదండ్రులు అడుగుతారు. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్‌లో లైసెన్సు ఉన్నవారి పేర్లు ఉంటాయి, ఫోనులోనే చూడవచ్చు. రిజిస్టరైన ఏజెంటు తీసుకోగల గరిష్ఠ సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, రసీదుతో. లక్షన్నర నగదుగా తెమ్మన్నవాడికి రసీదు అడిగితే అతడెవరో తేలిపోతుంది. దొంగ ఏజెంటుకు ఎమిగ్రేషన్ చట్టం రాసిన శిక్ష రెండేళ్ల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా. అవును, రెండు వేలే, 1983 నాటి అంకె. ప్రభుత్వ సంస్థ ద్వారానే వెళ్లాలనుకునేవారికి మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో టామ్‌కామ్ ఉంది.

ఇప్పటికే చిక్కుకున్నవారికి రాయబార కార్యాలయాల్లో 2009 నుంచి భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. ఆపదలో ఉన్నవారికి తాత్కాలిక వసతి, న్యాయ సహాయం, తిరుగు టికెట్టు అందులోంచి ఇవ్వవచ్చు. ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు వేసి ఆ నంబరు తీసుకున్నాక మిగిలిన ఖర్చుకు మన దాతల సొమ్ము వెళ్లడం న్యాయం. ఇక్కడి ఏజెంటు మీద కేసుకు ఎల్.బి.నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. మన సోదరీమణుల్లో ఎందరికో ఈ సంగతి తెలియదు, పైసా ఖర్చు లేని సహాయం అడగకుండా మిగిలిపోతోంది.

అందుకని దాతలను మేము కోరేది మూడు విషయాలు. అరబ్బీ చదవగలిగినవారు, గల్ఫ్ బడుల్లో పనిచేసి వచ్చిన పెద్దలు, వకీలు వృత్తిలో ఉన్నవారు వారంలో ఒక సాయంత్రం సంఘం కార్యాలయంలో కూర్చుని ఒప్పందాలు చదివి పెట్టాలి. ధ్రువీకరణ రుసుములకు ఖర్జె హసనాగా చిన్న మొత్తాలు ఇవ్వడానికి విడిగా ఒక పద్దు కావాలి, ఎందుకంటే వడ్డీకి తెచ్చిన మొదటి పదివేలే ఆ తరువాతి అప్పులన్నింటికీ మొదలు. మీ ఇంటి చుట్టుపక్కల ఎవరైనా పిల్లలు టీచరు ఉద్యోగానికి బయలుదేరుతున్నారని తెలిస్తే వారిని ఒకసారి మా దగ్గరికి పంపండి. ఆఫర్ లెటరు, వీసా నకలు, డిగ్రీ, ఏజెంటు ఇచ్చిన రసీదు వెంట తెచ్చుకోమనండి. రసీదు లేకపోతే లేదనే చెప్పమనండి, దాచవద్దు.