మిల్లు లాభం: పంచాలా, దాచాలా?
(వస్త్ర పరిశ్రమలో డివిడెండ్ విధానం)



పుదుచ్చేరి పట్టణంలో కడలూరు రోడ్డు మీద ఏ.ఎఫ్.టి. మిల్లు ఉంది. 1898లో రోడియర్ మిల్లుగా మొదలై, తరువాత ఆంగ్లో-ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్‌గా పేరు పొందింది. 1980లలో నడవలేని స్థితికి వస్తే ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. 2011 డిసెంబరు 30న థానే తుఫాను దానిని తీవ్రంగా దెబ్బతీసింది. నష్టాలతో నెట్టుకొచ్చి 2020లో మూతపడింది. మన యానాం కూడా పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనిదే కాబట్టి ఈ కథ మనకు దూరపుది కాదు.

ఇలాంటి మిల్లు మంచి రోజుల్లో సంపాదించిన లాభాన్ని ఏం చేయాలి? ఈ ప్రశ్నకు కంపెనీ ఇచ్చుకునే జవాబునే డివిడెండ్ విధానం అంటారు.

డివిడెండ్ అంటే ఏమిటి?

మిల్లుకు వచ్చిన రాబడిలోంచి ముందుగా పత్తి ఖరీదు, జీతాలు, కరెంటు, అప్పుపై వడ్డీ, యంత్రాల తరుగుదల, పన్ను పోవాలి. మిగిలినది నికర లాభం. అందులో వాటాదారులకు పంచే భాగం డివిడెండ్, కంపెనీలోనే ఉంచుకునేది నిలుపుదల చేసిన లాభం. అంటే వరుసలో అందరికన్నా చివర నిలబడేవాడు వాటాదారు. మరి ముందున్న కార్మికుడికి అంతా సులభంగా అందిందా? అదీ లేదు. ఎనిమిది గంటల పనిదినం వంటి కోర్కెలతో ఉద్యమించిన పుదుచ్చేరి మిల్లు కార్మికులపై 1936 జూలై 30న కాల్పులు జరిగి 12 మంది చనిపోయారు. మరుసటి ఏడాది ఆ కోర్కె నెరవేరింది. లాభం అనే అంకె వెనుక ఇంత చరిత్ర ఉంటుంది.

ఒక లెక్క చేద్దాం

ఒక ఊహాజనిత మిల్లును తీసుకోండి. దానికి రూ.10 ముఖ విలువ గల షేర్లు 10 లక్షలు. ఈ ఏడాది నికర లాభం రూ.60 లక్షలు. బోర్డు 20 శాతం డివిడెండ్ సిఫారసు చేసింది. ఇక్కడే చాలామంది పొరబడతారు. 20 శాతం అంటే లాభంలో కాదు, మార్కెట్ ధరలో కాదు, ముఖ విలువలో. షేరుకు రూ.2 చొప్పున మొత్తం రూ.20 లక్షలు. లాభంలో ఇది మూడో వంతు. దీనిని చెల్లింపు నిష్పత్తి అంటాం. మీరు ఆ షేరును రూ.80కి కొని ఉంటే మీకు వచ్చిన రాబడి రెండున్నర శాతమే.

మరుసటి ఏడాది పత్తి ధర పెరిగి లాభం రూ.15 లక్షలకు పడిపోయిందనుకోండి. మూడో వంతే పంచుతామంటే షేరుకు 50 పైసలు. పాత రూ.2 ఇవ్వాలంటే రూ.5 లక్షలు వెనకటి నిల్వల్లోంచి, నిబంధనలకు లోబడి తీయాలి. 1956లో జాన్ లింట్నర్ అనే ఆర్థికవేత్త గమనించినది ఇదే: కంపెనీ అధికారులు డివిడెండ్‌ను తగ్గించడానికి వెనుకాడతారు, నిలబెట్టగలమన్న నమ్మకం కుదిరాకే పెంచుతారు.

బట్టల మిల్లు చిక్కులు

కొత్త పత్తి అక్టోబరు నుంచి మార్కెట్‌కు వస్తుంది. ధర అనుకూలంగా ఉన్నప్పుడే మిల్లు నెలలకు సరిపడా కొనిపెట్టుకోవాలి. అందువల్ల పుస్తకాల్లో లాభం కనిపించినా, ఆ డబ్బు బేళ్లలోనో, నూలులోనో, అమ్ముడుపోని గుడ్డలోనో ఇరుక్కుని ఉండవచ్చు. లాభం వేరు, చేతిలో నగదు వేరు. పైగా పాత మగ్గాలతో కొత్త మిల్లులతో పోటీపడలేరు.

చట్టం ఏమంటుంది?

2013 కంపెనీల చట్టం ప్రకారం తరుగుదల తీసివేశాకే, గత నష్టాలను పూడ్చాకే డివిడెండ్ ప్రకటించాలి. బోర్డు సిఫారసు చేసిన మొత్తాన్ని వాటాదారులు తగ్గించవచ్చు గాని పెంచలేరు. ప్రకటించిన 30 రోజుల్లో చెల్లించాలి. ఏడేళ్లపాటు ఎవరూ తీసుకోని సొమ్ము మదుపరుల విద్య, రక్షణ నిధికి చేరుతుంది.

దాచినంత మాత్రాన మిల్లు బతుకుతుందా?

అమెరికాలోని బెర్క్‌షైర్ హాథవే ఒకప్పుడు బట్టల కంపెనీ. 1965లో వారెన్ బఫెట్ చేతికి వచ్చింది. ఆయన హయాంలో 1967లో ఒక్కసారి షేరుకు 10 సెంట్లు డివిడెండ్ ఇచ్చింది. తరువాత లాభాన్ని తనవద్దే ఉంచుకుంది. అయితే ఆ డబ్బు ప్రధానంగా మగ్గాలకు కాక బీమా వంటి ఇతర వ్యాపారాలకు వెళ్లింది. వాటాదారులు బాగుపడ్డారు. బట్టల మిల్లు మాత్రం 1985లో మూతపడింది.

కాబట్టి, ఏ కంపెనీనైనా రెండు ప్రశ్నలు అడగాలి. ఎంత పంచింది? మిగిల్చినది ఎక్కడ పెట్టింది? మొదటి జవాబు వాటాదారుకు చాలు. ఆ మిల్లు గేటు ముందు బతికే పట్టణానికి రెండో జవాబే ముఖ్యం.

ఆలోచించండి

1. నికర లాభం ఉన్నా డివిడెండ్ ఇవ్వలేని స్థితి ఎప్పుడు వస్తుంది?
2. పై లెక్కలోని మిల్లుకు మీరు డైరెక్టరైతే రెండో ఏడాది షేరుకు ఎంత సిఫారసు చేస్తారు? ఎందుకు?