వాలులో తూటా ఎందుకు పైకి పోతుంది?

కోనసీమ నేలకు వాలు దాదాపు లేదు. గోదావరి పోసిన ఒండ్రు మీద అమలాపురం నుంచి రాజోలు దాకా వెళ్లినా ఎదురయ్యే ఎత్తులు ఏటిగట్లూ, వంతెనలూ, కొబ్బరిచెట్లే. ఇలాంటి చదునులో గురి సరిచేసిన రైఫిల్‌ను మన్యం కొండలకు పట్టుకెళ్లి, వాలు మీది లక్ష్యాన్ని అదే లెక్కన కొడితే తూటా దాని పైనుంచి పోతుంది. ఎగువకు కాల్చినా అంతే, దిగువకు కాల్చినా అంతే!

గొట్టం దాటిన క్షణం నుంచే తూటా కిందికి జారుతూ ఉంటుంది. వేగం సెకనుకు 800 మీటర్లనుకుందాం. గాలి నిరోధాన్ని కాసేపు వదిలేద్దాం. 400 మీటర్లకు అర సెకను పడుతుంది. ఆలోగా తూటా 122 సెంటీమీటర్లు దిగిపోతుంది. అందుకే గురి సరిచేసేటప్పుడు గొట్టం మూతిని ఆ మేరకు పైకి ఎత్తి ఉంచుతారు.

వాలులో మారేది ఆ దిగుడే. కొబ్బరిచెట్టు మొదట్లో నిలబడి నడినెత్తిన వేలాడే గెలకు గురిపెట్టినట్టు ఊహించండి. గురుత్వాకర్షణ తూటాను వచ్చిన దారినే వెనక్కి లాగుతుంది తప్ప పక్కకు వంచదు. అంటే చదునులో వంపు పూర్తిగా ఉంటుంది, నిట్టనిలువులో సున్న. మధ్యలో ఎంతన్నది బడిలో చదివిన కొసైన్ చెబుతుంది. 30 డిగ్రీల వాలులో 400 మీటర్ల దూరాన్ని 346గా లెక్కించి గురిపెట్టాలి. లేదంటే తూటా 16 సెంటీమీటర్లు పైకి పోతుంది. 45 డిగ్రీలైతే 36. పది డిగ్రీలకు తేడా రెండు సెంటీమీటర్లే, పట్టించుకోనక్కర్లేదు.

దూరం తగ్గితే ఈ బెడదా తగ్గుతుంది. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో అల్లూరి సీతారామరాజు దళం పొంచి ఉండి పోలీసు బలగంపై కాల్పులు జరిపింది. స్కాట్ కవర్డ్, హైటర్ అనే బ్రిటిష్ అధికారులు ప్రాణాలు కోల్పోయారు. దళం చేతిలో అంతకు నెల ముందు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి తెచ్చుకున్న తుపాకులున్నాయి. అలాంటి ఇరుకు కనుమలో, 50 మీటర్ల లోపు దూరంలో, తూటా వేగం ఇందాక అనుకున్నదానిలో సగమే అయినా వాలు తెచ్చే తేడా రెండు మూడు సెంటీమీటర్లకు మించదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అయినా ఈ లెక్క అక్కరకొచ్చే చోటు ఒకటుంది. 2024 సెప్టెంబరులో దివాన్‌చెరువు అడవి నుంచి ఓ చిరుత కడియం నర్సరీల మధ్యకు చేరి జనాన్ని హడలెత్తించింది. ఇలా ఊళ్లోకొచ్చిన జంతువును ప్రాణాలతో పట్టాలంటే ఒక్కోసారి మత్తు సూది పేల్చాల్సి వస్తుంది. ఆ సూది వేగం తూటా ముందు ఏపాటిది! సెకనుకు 60 మీటర్లనుకుంటే 30 మీటర్లకే అర సెకను, అదే 122 సెంటీమీటర్ల దిగుడు. పశువైద్యుడు డాబా మీంచి 45 డిగ్రీల వాలులో తొడ కండకు గురిపెట్టి ఆ 30 మీటర్లనే నమ్ముకుంటే సూది 36 సెంటీమీటర్లు పైకి పోయి వెన్నుకు తగలొచ్చు, లేదా జంతువును దాటిపోవచ్చు. ఆయన లెక్కలోకి తీసుకోవలసిన దూరం 21 మీటర్లు.