మోకాలికి తగిలినా, మనసుకు తగిలినా

పిల్లవాడు గడప తట్టుకుని పడతాడు. ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి చుట్టూ ఉన్న పెద్దవాళ్ల మొహాలు చూస్తాడు. ఆ తర్వాతే ఏడుపు అందుకుంటాడు. మన ఇళ్లలో అప్పుడు రెండు రకాల మాటలు వినిపిస్తాయి. నానమ్మ పరుగున వచ్చి గడపను నాలుగు చరిచి ‘మా బంగారాన్ని పడేస్తావా’ అని తిడుతుంది. తాతయ్య ‘ఏం కాలేదు, మగపిల్లాడివి, లే’ అంటాడు. ఇద్దరిదీ ప్రేమే. కానీ నొప్పి కలిగితే తప్పు ఎవరి మీదో వేయాలని ఒక మాట నేర్పుతుంది, నొప్పి పైకి చెప్పకూడదని రెండోది నేర్పుతుంది. రేపు బడిలో ఎవరైనా ‘సోడాబుడ్డి’ అని వెక్కిరిస్తే ఈ రెండు పాఠాలూ ఆ పిల్లవాడికి అక్కరకు రావు.

దెబ్బ తగిలిన పసివాళ్లకు ముందుగా కావలసింది పక్కన కూర్చుని నిదానంగా చూసే మనిషి. ‘మోకాలు దోక్కుపోయింది. మండుతోంది కదూ? రా, కడుగుదాం’ అంటే చాలు. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పినట్టూ ఉంటుంది, నొప్పిని ఒప్పుకున్నట్టూ ఉంటుంది. ఆ వెంటనే పనిలోకి దిగవచ్చు. కెనడాకు చెందిన సైకాలజిస్టు క్రిస్టీన్ చాంబర్స్ లాంటివాళ్లు పిల్లల నొప్పి మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. పెద్దలు కంగారు పడుతూ పదేపదే ఓదార్చడం కంటే, పిల్లల ధ్యాస మరో దాని మీదికి మళ్లించడమే మేలు చేస్తుందని ఈ రంగంలో పనిచేసేవాళ్లు చెబుతారు.

ధ్యాస మళ్లాలంటే పని వాళ్ల చేతికే ఇవ్వాలి. నాలుగేళ్ల పాప కుళాయి దగ్గర పీట మీద కూర్చుంటుంది. చెంబుతో మోకాలి మీద నీళ్లు తనే పోసుకుంటుంది. అమ్మ సబ్బు నురగతో ఇసుక, మట్టి పోయేలా మెల్లగా కడుగుతుంది. చురుక్కుమన్నప్పుడు ఇద్దరూ కలిసి పది దాకా లెక్కపెడతారు. శుభ్రమైన గుడ్డతో అద్దడం, బ్యాండ్ ఎయిడ్ మీది కాగితం ఊడదీయడం పాప వంతు. అతికించేసరికి ఏడుపు సగం తగ్గి, ‘నేనే వేసుకున్నా’ అని చూపించుకోవాలన్న తొందర మొదలవుతుంది.

గాయం మీద కాఫీపొడి, సున్నం, పసుపు అద్దడం మన దగ్గర పాత అలవాటు. పచ్చి గాయానికి అవి వద్దు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు వదలకుండా అదిమి పట్టాలి. వేడి గిన్నె తగిలి చెయ్యి కాలితే టూత్‌పేస్టు, ఐసు జోలికి పోకుండా 20 నిమిషాలు కుళాయి నీటి ధార కింద ఉంచాలి. ముక్కు నుంచి రక్తం వస్తే తల వెనక్కి వంచకూడదు. ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని 10 నిమిషాలు నొక్కి పట్టాలి. బొప్పి కడితే గుడ్డలో చుట్టిన ఐసు పెట్టవచ్చు. తలకు దెబ్బ తగిలాక పదేపదే వాంతులైనా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కుక్క పంటి గాటు ఎంత చిన్నదైనా చిన్న దెబ్బల లెక్కలోకి రాదు. సబ్బుతో, నీటి ధార కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు డాక్టరుకు చూపించాలి.

ఇక మాటల దెబ్బ. 2003లో అమెరికాలో నయోమీ ఐసెన్‌బర్గర్, ఆమె సహ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. స్కానర్‌లో పడుకోబెట్టిన మనుషుల చేత కంప్యూటర్‌లో బంతి విసిరే ఆట ఆడించారు. మరో ఇద్దరితో ఆడుతున్నామని వాళ్లు నమ్మారు. కాసేపటికి ఆ ఇద్దరూ వీళ్లకు బంతి ఇవ్వడం మానేశారు. ఆటలోంచి వెలివేసినప్పుడు వాళ్ల మెదడులో చురుకైన భాగాల్లో ఒకటి, శారీరక నొప్పికీ స్పందించే భాగమే. పెద్దవాళ్లకే అలా ఉంటే, ‘నీతో కటీఫ్’ అనిపించుకున్న యూకేజీ పిల్లకు కడుపులో నొప్పి రావడం నటన కాదు.

అలాగని ప్రతి కటీఫ్‌కూ బడి మీదికి పరుగెత్తనక్కర్లేదు. ఈ వయసులో పొద్దున విడిపోయిన జట్టు మధ్యాహ్నం అన్నాల వేళకు కలిసిపోతుంది. పిల్లల మధ్య వేధింపుల మీద 1970లలోనే పరిశోధన మొదలుపెట్టిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్ మూడు గుర్తులు చెప్పారు. కావాలని చేయడం, పదేపదే చేయడం, ఎదురు చెప్పలేని వాళ్లను ఎంచుకుని చేయడం. ఈ మూడూ కనిపిస్తే పెద్దలు కల్పించుకోవాల్సిందే.

విషయం తెలియాలంటే అడిగే తీరు మారాలి. ‘స్కూల్లో ఏం జరిగింది’ అంటే ‘ఏం లేదు’ అని వస్తుంది. ‘ఇవాళ ఎవరి పక్కన కూర్చుని తిన్నావు? ఆటల పీరియడ్‌లో ఏం ఆడావు?’ అంటే మాట కదులుతుంది. ‘వాడు కొడితే నువ్వూ ఒకటి తగిలించు’ అన్న సలహా చాలా ఇళ్లలో వినిపిస్తుంది. దానితో గొడవ పెద్దదవుతుందే తప్ప పిల్లవాడికి ధైర్యం రాదు. ఇంట్లో అమ్మ వెక్కిరించే పిల్లగా, బాబు బాబుగానే నటిస్తూ ‘నన్నలా పిలవకు, నాకు నచ్చదు’ అని గట్టిగా చెప్పడం, అక్కణ్నుంచి నడిచి టీచరు దగ్గరికి వెళ్లడం సాధన చేయించవచ్చు. దెబ్బ తింటున్న పిల్ల కోసం సాయం అడగడం చాడీలు చెప్పడం కాదని కూడా అప్పుడే చెప్పాలి.

చికాగోలో కిండర్‌గార్టెన్ టీచరు వివియన్ పేలీ తన తరగతిలో ఒక నియమం పెట్టారు. ‘నువ్వు మాతో ఆడకూడదు’ అని ఎవరూ ఎవరినీ అనకూడదు. ముందు పిల్లలతో, పై తరగతుల వాళ్లతో చర్చించి మరీ దాన్ని అమలు చేశారు. ఆ అనుభవం మీద 1992లో పుస్తకం రాశారు. మన వీధుల్లోనూ చిన్నపిల్లలను ఆటలో అరటిపండుగా చేర్చుకునే వాడుక ఉంది. వాళ్లు ఔటవ్వరు, కానీ అందరితో పాటు పరుగెత్తుతారు. తరగతి గదిలో ఆ చోటు టీచరే కల్పించాలి. ఫిన్లాండ్‌లోని తుర్కు యూనివర్సిటీ రూపొందించిన కివా అనే వేధింపుల నివారణ కార్యక్రమం, పక్కన నిలబడి చూస్తూ నవ్వే పిల్లల మీదే ఎక్కువ దృష్టి పెడుతుంది. నవ్వేవాళ్లు మానేస్తే వెక్కిరించేవాడికి ఊపు పోతుందన్నది దాని ఆలోచన.

టీచరుతో మాట్లాడేటప్పుడు ఏ రోజున, ఎక్కడ, ఏ మాట అన్నారో రాసుకుని వెళ్లడం మంచిది. ఎదుటి పిల్లవాణ్ని గేటు దగ్గర ఆపి గదమాయించకూడదు, వాడూ పసివాడే. ఒకవేళ ఫిర్యాదు మన పిల్లవాడి మీదే వస్తే ‘మావాడు అలాంటివాడు కాదు’ అనే ముందు వాణ్ని కూర్చోబెట్టి ఏం జరిగిందో అడగాలి. ఇంట్లో పెద్దవాళ్లు సరదాకి ‘నల్లోడా, బండోడా’ అనుకునే పేర్లు వాడి నోట బడిదాకా వెళ్లాయేమో చూసుకోవాలి. తర్వాత టీచరుతో కలిసి, అవతలి పాపకు ఇబ్బంది కాని రీతిలో క్షమాపణ చెప్పించి, మరుసటి వారం మళ్లీ టీచరును కలిసి పరిస్థితి కనుక్కోవాలి.