రోజా ఉంటే డిప్రెషన్ మాత్ర ఆపాలా?

రంజాన్ రాగానే కొందరు డిప్రెషన్ మాత్రలు తమంతట తామే మానేస్తారు. ప్రమాదం అక్కడే. రోజుకు 200 మిల్లీగ్రాముల సెర్ట్రాలిన్ (ఆ మందుకు అదే గరిష్ఠ మోతాదు) ఏళ్లుగా వేసుకునేవాళ్లు ఒక్కసారిగా ఆపితే తల తిరగొచ్చు, నిద్ర పోవచ్చు, తలలో కరెంటు షాక్ కొట్టినట్లు జివ్వుమనొచ్చు, జబ్బూ తిరగబెట్టొచ్చు. ఇది మత్తు అలవాటు కాదు, మెదడు ఆ మోతాదుకు సర్దుకుని ఉండటమే. రోజుకోసారి మాత్రయితే డాక్టర్‌ను అడిగి ఇఫ్తార్‌కో సహరీకో మార్చుకోవచ్చు. లిథియం కూడా వాడేవాళ్ల సంగతి వేరు: మన సీమ ఎండలో పగలంతా నీళ్లు లేకపోతే ఒంట్లో మందు పెరిగి విషం కావచ్చు. జబ్బు మనిషికి మినహాయింపు ఖురాన్‌లోనే ఉంది (అల్ బఖరా 184). అమీన్ పీర్ దర్గాకు పోవాలంటే పోండి, మాత్ర మాత్రం మాన్పించొద్దు. కర్నూలు పెద్దాసుపత్రిలో, కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఇంట్లో చావు మాటలు వినిపిస్తే అర్ధరాత్రయినా 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.