ఐదుసార్లు పోయినా... ఆరోసారి కొత్తే!

"పాపికొండలా? నువ్వుండగా మాకేం భయం వదినా! ఐదుసార్లు పోయొచ్చినదానివి" అంది మా ఆడపడుచు ఫోనులో. ఆ మాటకి నేనూ కాస్త పొంగిపోయాను. ఇల్లందులో మా వీధిలో ఎవరు పాపికొండలకు పోవాలన్నా ముందు మా ఇంటికే వస్తారు. ఏ నెలలో పోవాలి, ఏం కట్టుకోవాలి, పిల్లలకు ఏం తీసుకుపోవాలి, అన్నీ నన్నే అడుగుతారు. అలాంటి నేను ఈసారి పుస్తకం, పెన్ను పట్టుకుని కొత్తదానిలా రాసుకుంటూ కూర్చున్నాను. ఎందుకో చెప్తాను.

నేను పోయిన ఐదుసార్లూ మన భద్రాచలం వైపు నుంచే. పొద్దున్నే రాములవారి దర్శనం చేసుకుని, జీపులో కూనవరం మీదుగా పోచవరం పోయి, అక్కడ లాంచీ ఎక్కడం. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు చూపించడం, పేరంటాలపల్లిలో శివాలయం చూసి కొండరెడ్లు చేసే వెదురు బొమ్మలు కొనుక్కోవడం, పొద్దుగూకేలోగా తిరిగి రావడం. ఇదంతా నాకు కంఠతా వచ్చు. (ఆ పోచవరం కూడా 2014లో మన ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిసిపోయింది.)

ఈసారి మాత్రం మా అత్తమ్మ కోరిక వేరు. "అటు నుంచి తీసుకుపోవే, రాజమండ్రి నుంచి" అంది.

ఆమెకు అప్పుడు పదేళ్లట. వాళ్ల పెద్దక్కను దేవీపట్నం వైపు ఒక ఊరికి ఇచ్చారు. ఆ పెళ్లికి రాజమండ్రిలో లాంచీ ఎక్కి, ఒళ్లో కొబ్బరికాయల సంచి పెట్టుకుని పోయిందట. ఆ రోజుల్లో ఆ ఊళ్లకు బస్సు కంటే లాంచీయే దిక్కు. తర్వాత కొత్తకోడలుగా 'అందాల రాముడు' సినిమా చూసినప్పుడు హాలులోనే ఏడ్చిందట, అక్క గుర్తొచ్చి. ఇప్పుడా అక్క లేదు. పోలవరం ముంపులో ఆ ఊరు కూడా ఖాళీ అయిపోయింది. "ఊరు లేకపోతే పోనీ, ఆ కొండలు ఉంటాయి కదా. ఒక్కసారి చూస్తాను" అంటుంది. డెబ్బై ఐదేళ్ల మనిషి. ఇంకెన్నాళ్లు వాయిదా వేస్తాం?

నిజానికి ఇది ఒకసారి వాయిదా పడిన ప్రయాణమే.

ఆ ఆదివారం

2019లో దసరా సెలవులకు పోదామని అందరం అనుకున్నాం. మా ఆయన సింగరేణిలో సెలవు కూడా అడిగారు. సెప్టెంబర్ 15, ఆదివారం. వంట ముగించి టీవీ పెట్టేసరికి కచ్చులూరు వార్త. రాయల్ వశిష్ట అనే బోటు 77 మందితో పోతూ కచ్చులూరు మలుపులో మునిగిపోయింది. దగ్గరి ఊళ్ల గిరిజనులు పడవలు వేసుకుని పరుగున వచ్చి లాగితే 26 మంది బతికారు. మిగతావాళ్లు లేరు. వాళ్లలో వరంగల్ దగ్గరి కడిపికొండ నుంచి చుట్టాలు, స్నేహితులు కలిసి పోయినవాళ్లున్నారు. మనలాగే సరదాగా బయలుదేరినవాళ్లు. ఆ బోటును కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందం అక్టోబర్ 22న గానీ పైకి తియ్యలేకపోయింది.

ఆ రోజు గోదావరి 5 లక్షల క్యూసెక్కులు దాటి పారుతోంది. అలాంటి వరదలో బోటు పోకూడదు, పోయింది. జాకెట్లు ఉక్కపోస్తున్నాయని కొందరు తీసేశారని బతికినవాళ్లు చెప్పగా పేపర్లో చదివాను. చదివి చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఎందుకంటే నేనూ అదే చేశాను.

దాచుకోకుండా చెప్తున్నాను. ఐదుసార్లలో ఒక్కసారి కూడా నేను జాకెట్ పూర్తిగా ఒంటిమీద ఉంచుకోలేదు. ఎక్కేటప్పుడు వేసుకోవడం, లాంచీ కదలగానే "చీర నలుగుతుంది, ఫొటోలో బాగుండదు" అని తీసి కుర్చీకి తగిలించడం. నన్ను చూసి కొత్తవాళ్లు కూడా తీసేసేవారు. "ఈమె చాలాసార్లు వచ్చింది, ఈమెకే భయం లేదు" అనుకునేవారు. అనుభవం ఉన్నవాళ్లు చేసే తప్పు ఒకరితో ఆగదు, పదిమందికి అంటుకుంటుంది. అది అర్థమయ్యాకే ఈసారి మొదటి నుంచి మొదలుపెట్టాను.

నాకు తెలిసిన గోదావరి మారింది

మొదట పాత లెక్కలన్నీ పక్కన పెట్టాను. మా తోటికోడలి పుట్టింటివాళ్లది రాజమండ్రి. వాళ్లకు ఫోను చేసి "పట్టిసీమ రేవులో ఎక్కి, మధ్యాహ్నం ఇసుకతిన్నెల మీద భోజనం చేద్దాం" అని నేనే ప్లాను చెప్తుంటే వాళ్లు నవ్వారు. "ఏ కాలం మాట వదినా! ఇప్పుడు పోలవరం డ్యామ్ అడ్డం కదా!"

నిజమే. 2021 జూన్‌లో గోదావరిని పోలవరం స్పిల్‌వే మీదుగా మళ్లించారు. డ్యామ్ దాటి లాంచీ పోదు. రాజమండ్రి నుంచి గండిపోచమ్మ గుడి దాకా రోడ్డు మీద పోయి, అక్కడ బోటు ఎక్కాలి. కట్ట వెనక నీళ్లు నిలిచి నది వెడల్పయింది, వెనకటి ఇసుకతిన్నెలు చాలావరకు మునిగాయి.

ఇంకో తేడా. పోచవరంలో ఎక్కితే పోయేటప్పుడు నీటివాలుకు పోతాం, వచ్చేటప్పుడు ఎదురు వస్తాం. గండిపోచమ్మ దగ్గర ఎక్కితే పోవడమే ఎదురు. మన వైపు కంటే ఎక్కువసేపు బోటులో కూర్చోవాలి. మోకాళ్ల నొప్పులున్న అత్తమ్మకు ఇది ముఖ్యం. అందుకే ఒకేరోజు పోయి రావాలన్న ఆలోచన మానేశాను. మొదటిరోజు కొత్తగూడెం, అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం మీదుగా రాజమండ్రి చేరి విశ్రాంతి. సాయంత్రం పుష్కరఘాట్, ఒక గ్లాసు రోజ్‌మిల్క్. రెండోరోజు బోటు. మూడోరోజు తాపీగా ఇంటికి.

ఏ నెలలో?

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. వరద తగ్గి ఉంటుంది, ఎండ బాధ ఉండదు, పొద్దున మంచులో కొండలు బాగుంటాయి. కార్తీకమాసం ఆదివారాల్లో జనం తొక్కిడి. మేము సంక్రాంతి పోయాక, వారం మధ్యలో రోజు చూసుకున్నాం. జూలై నుంచి సెప్టెంబర్ దాకా ఎవరు రమ్మన్నా వెళ్లకండి.

మన వైపు వాళ్లకు ఒక సులువైన కొలత ఉంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం రోజూ వార్తల్లో చెప్తారు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో అది 71 అడుగులు దాటడం మనం చూశాం. అక్కడ పెరిగిన నీరు కిందికి పోక తప్పదు కదా! మొదటి హెచ్చరికకు దూరంగా ఉన్నా సరే, నీరు పెరుగుతోందని వింటే ప్రయాణం ఆపుకోవడమే మంచిది.

టికెట్ కొనేముందు అడగాల్సినవి

కూరగాయలు కొనేటప్పుడు ఒక్క వంకాయను నాలుగుసార్లు తిప్పి చూస్తాం. బోటు టికెట్ దగ్గర మాత్రం మొహమాటపడతాం. నేను రాసుకున్న ప్రశ్నలు ఇవి:

* బోటుకు లైసెన్సు ఉందా? ఎంతమందికి అనుమతి? ఎంతమందిని ఎక్కిస్తారు?
* అందరికీ జాకెట్లు ఉన్నాయా? పిల్లలకు వాళ్ల సైజువి ఉన్నాయా? పెద్దవాళ్ల జాకెట్ పిల్లలకు వేస్తే నీళ్లలో పైకి జారిపోతుంది.
* వరద వచ్చి ఆగిపోతే డబ్బు తిరిగిస్తారా, వేరే తేదీ ఇస్తారా?
* బాత్‌రూమ్ ఉందా? పెద్దవాళ్లు ఎక్కడానికి మెట్టు ఎలా ఉంటుంది?
* టిఫిను, భోజనం టికెట్‌లోనేనా?
* తిరిగి ఒడ్డుకు చేరేసరికి ఎన్నవుతుంది? చీకటి పడకూడదు.

కచ్చులూరు తర్వాత ప్రభుత్వం రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టింది. అక్కడ పేర్లు రాసుకుంటారు. "త్వరగా కానివ్వండి" అని తొందరపెట్టకండి. ఆ చిట్టా మన కోసమే. ఎవరైనా చిట్టాలో పేరు లేకుండా ఎక్కమంటే దిగిపోండి.

సముద్రంలోనూ ఇదే నియమం

మా చెల్లెలి కూతురు దుబాయ్‌లో ఉంటుంది. పోయిన ఏడాది భర్తతో మధ్యధరా సముద్రంలో పెద్ద ఓడ ఎక్కి ఇటలీ, స్పెయిన్ ఊళ్లు చూసి వచ్చింది. అంతకుముందు రెండుసార్లు వేరే ఓడలు ఎక్కిన పిల్లే. "ఓడ కదలకముందు అందరికీ ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో చూపిస్తారు పెద్దమ్మా. ఎన్నిసార్లు ఎక్కినవాళ్లయినా మళ్లీ నేర్చుకోవాల్సిందే" అంది.

దాని వెనక కూడా ఒక విషాదముంది. 2012 జనవరి 13న కోస్టా కంకార్డియా అనే పెద్ద ఓడ ఇటలీలో జీలియో ద్వీపం దగ్గర రాళ్లకు తగిలి ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన ప్రయాణికులకు అప్పటికి ఆ శిక్షణ ఇవ్వలేదు. ఒక రోజులోగా ఇస్తే చాలని అప్పటి నియమం. 2015 నుంచి దాన్ని మార్చి, ఓడ బయలుదేరకముందో బయలుదేరగానో చెయ్యాలన్నారు.

అంత పెద్ద ఓడకే అంత జాగ్రత్త కావాలంటే మన లాంచీకి వద్దా? ఎక్కగానే జాకెట్ బకిల్స్ పెట్టుకోవడం, బయటికి దారి ఎటో చూసుకోవడం, మనవాళ్లు ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూసుకోవడం, ఇవి అయిదు నిమిషాల పని.

ఇంకో మాట. 2018 మే 15న మంటూరు దగ్గర గాలివానకు ఒక లాంచీ మునిగి గిరిజనులు చాలామంది చనిపోయారు. గాలి లేస్తే తలుపులు బిగించుకుని కింద గదిలో కూర్చోకండి. ఒడ్డుకు చేర్చమని గట్టిగా అడగండి. అదే నెలలో దేవీపట్నం దగ్గర ఇంకో బోటు మంటలకు కాలిపోయింది, అదృష్టం కొద్దీ జనం బయటపడ్డారు. స్టవ్ దగ్గర పిల్లల్ని తిరగనివ్వకండి.

సంచిలో ఏముండాలి?

బట్టలు: కుట్టుపని, జరీ ఉన్న చీరలు వద్దు. తేలికైన నూలు చీర, పైట పిన్ను పెట్టుకోండి. చుడీదార్ అలవాటుంటే ఇంకా హాయి. జాకెట్ చీర మీద వేసుకుంటే నలుగుతుంది, నలగనివ్వండి! ఇస్త్రీ చేసుకోవచ్చు. బంగారం ఇంట్లోనే ఉంచండి.

మందులు: బి.పి., షుగర్ మాత్రలు రెండురోజులవి ఎక్కువ పెట్టుకుని, ప్లాస్టిక్ కవర్లో ముడివేసి చేతిసంచిలో పెట్టండి. గోదావరి మీద వాంతులు తక్కువే, ఘాట్ రోడ్డు మీదే బాధ. అల్లం ముక్క, నిమ్మకాయ దగ్గర ఉంచుకోండి. వాంతుల మాత్ర అయితే డాక్టర్ని అడిగి ప్రయాణానికి ముందే వేసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేస్తే పని చెయ్యదు.

తిండి: బోటులో భోజనం ఉన్నా పెద్దవాళ్లు ఆకలికి ఆగలేరు. చింతపండు పులిహోరకి అన్నం పలుకుగా వండి, ఆరబెట్టి, నూనె కాస్త ఎక్కువేసి కలపండి. సాయంత్రం దాకా పాడవదు. వేడిమీద డబ్బాలో పెడితే చెమ్మపట్టి వాసనొస్తుంది. చెక్కలు, నువ్వుండలు సరే. పెరుగన్నంలో పాలు ఎక్కువ, పెరుగు తక్కువ కలిపితే పులవదు. విస్తర్లు, కవర్లు నీళ్లలో వెయ్యకుండా ఇంకో సంచి తీసుకుపోండి.

ఫోను: కొండల మధ్య సిగ్నల్ అందదు. ఏ బోటు, ఎన్నింటికి తిరిగొస్తాం, ఇవి కాగితం మీద రాసి ఇంట్లో ఉండేవాళ్లకు ఇవ్వండి. పెద్దవాళ్ల జేబులో, కొంగున కూడా ఊరు, పేరు, ఫోను నంబరు రాసిన చీటీ ఉంచండి.

అత్తమ్మతో ఒప్పందం

అన్నీ రాసి చదివి వినిపించాను. అత్తమ్మ అంతా విని "ఆ జాకెట్ నాకొద్దే, ఊపిరాడదు. అప్పుడు మేమేమన్నా వేసుకున్నామా?" అంది. నేను ఐదుసార్లూ చెప్పిన మాటే ఆమె నోట విన్నాను. ఏం జవాబు చెప్పాలో తోచక, కచ్చులూరు రోజు నేనెందుకు మాట్లాడలేకపోయానో చెప్పాను. మా ఆయనకు కూడా అప్పటిదాకా తెలియదు.

ఆమె కాసేపు ఊరుకుంది. తర్వాత "నువ్వు తియ్యకపోతే నేనూ తియ్యను" అంది.

అదీ మా ఒప్పందం. జనవరిలో బయలుదేరుతున్నాం. ఆ వారంలో అకాల వాన పడి నీరు పెరిగితే, టికెట్ డబ్బు పోయినా సరే, ఆగిపోతాం. గోదావరి ఎక్కడికీ పోదు. ఒకవేళ అంతా బాగుంటే, అత్తమ్మ వాళ్లక్క ఊరు ఉన్న చోటికి వచ్చినప్పుడు నీళ్లలో వెయ్యడానికి పసుపు, కుంకుమ, నాలుగు చామంతులు మాత్రం ఇప్పుడే ఆమె తన సంచిలో వేరే పొట్లం కట్టమంది. చామంతులు ఆ రోజు పొద్దున కొందామని ఎంత చెప్పినా వినదు, ఆ సంచిలో వాటికి చోటు వదిలేసి కట్టాను.