ఎడారిలో జీపు ప్రయాణం: షుగరు, బి.పి. ఉన్నవారు వెళ్ళవచ్చా?

పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్ళే మన సంఘస్థుల్లో కొందరు జోర్డాను మీదుగా వెళ్తారు. నెబో కొండ, పెత్రా చూశాక కొన్ని బృందాలను వాదీ రమ్ అనే ఎడారికి కూడా తీసుకువెళ్తారు. ఇది అకబా రేవుకు తూర్పున సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది. యునెస్కో దీనిని 2011లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఎర్రటి ఇసుక, అందులోంచి గోడల్లా లేచిన రాతికొండలు, ఖజలీ కొండ చీలికలో రాళ్ళమీద చెక్కిన పాతకాలపు బొమ్మలు నిజంగా చూడదగినవే.

జీపు అంటారు గానీ అది చాలావరకు వెనుక బెంచీలు బిగించిన పికప్ వ్యాను. నడిపేది అక్కడి బెదూయిన్లు. లోపల రోడ్డు ఉండదు కనుక కుదుపులు ఎక్కువ. వెన్నెముక ఆపరేషన్ అయినవారు, ఎముకలు గుల్లబారిన పెద్దవారు వెనుక ఎక్కవద్దు, డ్రైవరు పక్క సీటు అడగండి. గర్భిణులు ఈ ప్రయాణం మానుకోవాలని మా సలహా.

యాత్రకు ముందు మా ఓపీకి వచ్చేవారు ఎండ గురించే అడుగుతారు. మా భయం వేరు. దారిలో మరుగుదొడ్డి ఉండదని మన ఆడవారు, ప్రోస్టేటు ఇబ్బంది ఉన్న పెద్దాయనలు ఉదయం నుంచే నీళ్ళు మానేస్తారు. పొడి గాలిలో చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది, ఒంట్లో నీరు తగ్గుతున్నట్టు తెలియదు. బి.పి.కి మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వాడేవారు అలా చేస్తే లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. దాహం వేయకపోయినా గంటకోసారి కొద్దికొద్దిగా నీళ్ళు త్రాగండి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తే నీళ్ళు చాలలేదన్నమాట. బయలుదేరేటప్పుడే గైడుతో చెప్తే బండ చాటున బండి ఆపుతాడు, ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్ళు కొలతగా త్రాగేవారు మాత్రం ఎంత త్రాగాలో ముందే డాక్టరును అడగాలి.

ఇసుక దిబ్బ ఎక్కేటప్పుడు చాలామంది సరదాగా చెప్పులు విడుస్తారు. షుగరువల్ల పాదాలు తిమ్మిరెక్కినవారు ఆ పని చేయరాదు. కాలినా తెలియదు, సాయంత్రం బొబ్బ చూసుకొని ఆశ్చర్యపోతారు. బూట్లు, మేజోళ్ళతోనే ఎక్కండి. రాత్రి పాదాలు చూసుకోండి.

ఇన్సులిన్ విమానంలో చేతిసంచిలోనే ఉంచుకోండి. ఎండలో నిలిపిన బండిలో వదలవద్దు. మంచుముక్కకు నేరుగా ఆనించవద్దు, గడ్డకడితే పనికిరాదు. మధ్యాహ్న భోజనం ఆలస్యమైతే షుగరు పడిపోయి వణుకు, తడబాటు రావచ్చు. పక్కనున్నవారు దానిని ఎండ నీరసం అనుకుంటారు. జేబులో గ్లూకోజు బిస్కెట్లో, బెల్లం ముక్కో ఉండాలి. షుగరు పడిపోనప్పుడు మాత్రం బెదూయిన్లు ప్రేమతో ఇచ్చే టీ విషయంలో జాగ్రత్త. తరచుగా కెటిల్‌లోనే బాగా పంచదార వేసి కాస్తారు. మీకు వేరుగా కాయమని గైడుచేత చెప్పించండి.