పద్దెనిమిది నిండని తల్లులు: ప్రేమ, పరువు, చట్టం

సరిహద్దు పల్లెలలో ఒక మాట తరతరాలుగా వినబడుతున్నది. పదహారేళ్ల బాలిక గర్భవతి అయినదని తెలిసిన నాడు, "గీత దాటి అవతలి రాష్ట్రంలోని గుడిలో మూడు ముళ్లు వేయించి తెస్తే గొడవ సద్దుమణుగుతుంది" అని పెద్దలు సలహా ఇస్తారు. ఈ సలహా వెనుక రెండు నమ్మకాలున్నాయి. రాష్ట్రం మారితే చట్టం మారుతుందన్నది మొదటిది. తాళి పడితే నేరం మాసిపోతుందన్నది రెండవది. రెండూ పొరపాటే. ఈ పొరపాటుకు మూల్యం చెల్లించేది సలహా ఇచ్చిన పెద్దలు కారు. బడి మానిన బాలిక, చెరసాల పాలైన యువకుడు, పుట్టిన పసికందు.

లెక్కలు చెప్పే సంగతి

2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 15 నుంచి 19 ఏళ్ల వయసు గల ప్రతి వందమందిలో సుమారు ఏడుగురు (6.8 శాతం) అప్పటికే తల్లులు గానో, గర్భవతులు గానో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 12.6 శాతం. ఒడిశాలోను, మహారాష్ట్రలోను 7.6, తమిళనాడులో 6.3, తెలంగాణలో 5.8, కర్ణాటకలో 5.4 శాతం. పద్దెనిమిదేళ్లు నిండక మునుపే పెళ్లి జరిగిన వారు దేశంలో 23.3 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం.

ఈ భారం అందరిపైనా సమానంగా లేదు. అదే సర్వేలో, అత్యంత పేద కుటుంబాల బాలికలలో పదిశాతం మంది ఈ వయసులోనే మాతృత్వ భారం మోస్తుండగా, అత్యంత సంపన్న కుటుంబాలలో రెండు శాతమే ఉన్నారు. బడి ముఖం చూడని వారిలో 18 శాతం, పన్నెండేళ్లకు పైగా చదివిన వారిలో 4 శాతం. చదువు ఆగిన చోట పెళ్లి, పెళ్లి జరిగిన చోట కాన్పు తొందరపడి వస్తున్నాయన్నది దీని సారాంశం.

శరీరం ఓర్వగల భారమేనా?

పదహారేళ్ల బాలికకు ఎదుగుదల ఇంకా పూర్తి కాదు. కటి ఎముకలు పూర్తిగా విచ్చుకోకపోతే కాన్పు కష్టమై బిడ్డ అడ్డుపడుతుంది. రక్తపోటు పెరిగి మూర్ఛలు రావడం, కాన్పు తరువాత గర్భాశయానికి చీము పట్టడం ఇరవై దాటిన తల్లులలో కంటె చిన్న వయసు తల్లులలో అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది. దీనికి తోడు మన దేశంలో 15-19 ఏళ్ల బాలికలలో 59 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. ఒంట్లో రక్తం లేని తల్లికి నెలలు నిండకుండా, తక్కువ బరువుతో బిడ్డ పుట్టే ప్రమాదం మెండు.

గర్భం సంగతి దాచిపెట్టడం ఈ ప్రమాదాన్ని రెట్టింపు చేస్తుంది. నాలుగైదు నెలల దాకా తల్లికి సైతం చెప్పలేని బాలికకు రక్త పరీక్ష లేదు, ఇనుము మాత్ర లేదు, ధనుర్వాతం సూది లేదు. చివరికి నాటు మందులు మింగించి ప్రాణం మీదికి తెచ్చుకొనే కుటుంబాలూ ఉన్నాయి.

ఒకరికి ఠాణా, ఒకరికి రచ్చబండ

ఈడు పిల్లల మధ్య మమకారం కులాన్ని, ఆస్తిని చూసి పుట్టదు. దాని పర్యవసానం మాత్రం వాటిని చూసే నడుస్తుంది. బాలిక భూవసతి గల ఇంటిదై, అబ్బాయి కూలి ఇంటివాడైతే వ్యవహారం తరచు ఠాణాకు పోతుంది. తారుమారైతే రచ్చబండకు వస్తుంది. కొంత సొమ్ము ముట్టజెప్పి, బాలికను దూరపు బంధువుల ఇంటికి పంపి, అబ్బాయిని పై చదువులకు పంపించి "రాజీ" అంటారు. ఒకే తప్పుకు రెండు తూకాలు.

అస్సాం, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాల ప్రత్యేక న్యాయస్థానాలు 2016-2020 మధ్య బాలలపై లైంగిక నేరాల కేసులలో ఇచ్చిన 7,064 తీర్పులను ఎన్‌ఫోల్డ్ అనే స్వచ్ఛంద సంస్థ పరిశీలించింది. అందులో 1,715, అంటే సుమారు నాల్గింట ఒకటి, ప్రేమ వ్యవహారాలు. వీటిలో ఫిర్యాదు చేసినవారు అయిదింట నాలుగు పాళ్లు బాలిక తల్లిదండ్రులు, బంధువులే. నూటికి తొంబైమూడుకు పైగా కేసులలో నిందితులు నిర్దోషులుగా విడుదలయ్యారు. కాని తీర్పు వచ్చే లోపల యువకుడు జైలులోను, బాలిక వసతి గృహంలోను గడిపిన కాలాన్ని ఏ తీర్పూ తిరిగి ఇవ్వలేదు.

పరువు పేరిట జరిగే ఘోరం ఇంతకంటె భయంకరం. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో, గర్భవతి అయిన భార్య కళ్లెదుటే ఒక దళిత యువకుడిని కిరాయి హంతకుడు నరికి చంపాడు. ఆ దంపతులు మేజర్లు, చట్టప్రకారం పెళ్లి చేసుకొన్నవారు. 2025 మార్చి 10న నల్లగొండ న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. మేజర్లయిన జంట పెళ్లిని అడ్డుకొనే అధికారం కుటుంబానికి గాని, కుల పంచాయతీకి గాని లేదని సుప్రీంకోర్టు 2018 మార్చి 27న స్పష్టం చేసియున్నది.

చట్టం ఏమంటున్నది?

2012 నవంబర్ 14 నుంచి అమలులో ఉన్న పోక్సో చట్టం దృష్టిలో పద్దెనిమిది నిండని వారంతా బాలలే. వారి సమ్మతికి చట్టంలో విలువ లేదు. "ఇష్టపడే వెళ్లింది" అన్న మాట మేజరైన యువకుడిని కాపాడదు. 2019 సవరణ తరువాత కనీస శిక్ష పదేళ్లు. బాలిక వయసు పదహారు లోపు అయితే ఇరవై ఏళ్లు. బాలిక గర్భవతి అయితే అది తీవ్రతరమైన నేరమై, కనీస శిక్ష ఇరవై ఏళ్లే అవుతుంది. అబ్బాయి కూడా పద్దెనిమిది లోపు వాడైతే బాల నేరస్థుల న్యాయ మండలి ఎదుటికి పోతాడు. పదహారు దాటిన వానిని హీన నేరాలలో మేజరుగా విచారించే వీలుంది.

పెళ్లి చేస్తే ఇది మాసిపోదు. భార్య అయినా సరే, పద్దెనిమిది నిండని బాలికతో కాపురం అత్యాచారమేనని 2017 అక్టోబర్ 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాజీ కూడా చెల్లదు. బాలికపై లైంగిక నేరం కేసును ఇరుపక్షాల ఒడంబడికతో కొట్టివేయరాదని 2024 నవంబర్ 7 నాటి తీర్పు.

గీత దాటితే ఏమవుతుంది?

2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం కింద బాలికకు పద్దెనిమిది, అబ్బాయికి ఇరవైయొకటి నిండాలి. పెళ్లి జరిపిన పురోహితునికి, ప్రోత్సహించిన పెద్దలకు రెండేళ్ల వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. మూల చట్టం ప్రకారం ఇట్టి పెళ్లి రద్దు చేయించుకోదగినది. బాలిక తనకు ఇరవై ఏళ్లు నిండే లోపల జిల్లా కోర్టును ఆశ్రయించవచ్చు. కర్ణాటకలో మాత్రం 2016 నాటి సవరణ చట్టం మూలంగా బాల్య వివాహం మొదటి నుంచే చెల్లదు. పెద్దల రక్షణలో ఉన్న బాలికను మాయమాటలతో తప్పించి తీసుకుపోయి కట్టిన తాళి దేశంలో ఎక్కడైనా చెల్లదు. కనుక బళ్లారి నుంచి ఆదోనికో, హోసూరు నుంచి కుప్పానికో పోయినందువల్ల ఒరిగేదేమీ లేదు.

యానాం వారికి ఒక విశేషం ఉన్నది. ఫ్రెంచి పాలనలో తమ స్వంత వైయక్తిక న్యాయాన్ని వదులుకొన్న 'రెనన్సాంట్' కుటుంబాలకు ఈ బాల్య వివాహ చట్టం వర్తించదు. అయితే పోక్సో చట్టం వారికి కూడా వర్తిస్తుంది.

ఫిర్యాదు విషయంలోను ఎల్లలు అడ్డు కావు. నేరం ఏ రాష్ట్రంలో జరిగినా దగ్గరి ఠాణాలో కేసు నమోదు చేసి సంబంధిత ఠాణాకు పంపవలసిందే. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన నాగరిక సురక్షా సంహిత దీనిని నిర్దేశిస్తున్నది. భాష రాదన్న భయమూ వద్దు. కన్నడం, ఒడియా, తమిళం, మరాఠీ రాని బాలిక వాంగ్మూలం తీసుకొనేటప్పుడు దుబాసీ సహాయం పొందే ఏర్పాటు పోక్సో చట్టంలోనే ఉన్నది. వాంగ్మూలం బాలిక ఇంటి వద్ద గాని, ఆమె కోరిన చోట గాని తీసుకోవాలి. అధికారి యూనిఫాంలో ఉండరాదు; రాత్రివేళ బాలికను ఠాణాలో ఉంచరాదు.

ఆసుపత్రి గుమ్మంలో

బాలిక గర్భం వద్దనుకొంటే చట్టం దారి చూపుతున్నది. 2021 సవరణ ప్రకారం ఇరవై వారాల లోపల ఒక వైద్యుని అభిప్రాయంతోను, ఇరవై నుంచి ఇరవైనాలుగు వారాల మధ్య ఇద్దరు వైద్యుల అభిప్రాయంతోను గర్భస్రావం చేయించవచ్చు. మైనరు కనుక సంరక్షకుని రాతపూర్వక అనుమతి అవసరం. బాలిక ఆలనా పాలనా చూస్తున్న వారెవరైనా సంరక్షకులే. ఇరవైనాలుగు వారాలు దాటితే సాధారణంగా హైకోర్టు మెట్లెక్కవలసి వస్తుంది. అందుచేత కాలయాపన తగదు.

వైద్యుడు పోలీసులకు తెలపడం తప్పనిసరి కాబట్టి చాలా కుటుంబాలు ఆసుపత్రికే జంకుతాయి. 2022 సెప్టెంబర్ 29 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఈ భయాన్ని కొంత తీర్చింది. గర్భస్రావానికి వచ్చిన బాలిక, ఆమె సంరక్షకులు కోరితే పోలీసులకిచ్చే సమాచారంలో వైద్యుడు ఆమె పేరు, ఊరు వెల్లడించనక్కరలేదు.

బిడ్డను కనాలనుకొంటే ఆ బిడ్డ అనాథ కాదు. తల్లిదండ్రులకు పెళ్లి జరిగినా జరగకున్నా, తండ్రి నుంచి మనోవర్తి పొందే హక్కు బిడ్డకున్నది. పెంచలేని తల్లి బాలల సంక్షేమ కమిటీకి అప్పగించవచ్చు. మనసు మార్చుకొనేందుకు రెండు నెలల గడువుంటుంది. చాటుగా ఎవరికో ఇచ్చివేయడం నేరం.

న్యాయస్థానాల మథనం

ఈ కఠిన చట్టం నిజమైన అత్యాచారాన్ని, తెలిసీ తెలియని ప్రేమను ఒకే గాటన కట్టుతున్నదన్న విమర్శ బలంగా ఉన్నది. 2023 సెప్టెంబర్‌లో న్యాయ కమిషన్ తన 283వ నివేదికలో సమ్మతి వయసును తగ్గించవద్దన్నది. అయితే 16-18 ఏళ్ల వారి విషయంలో శిక్ష తగ్గించే విచక్షణ న్యాయమూర్తికి ఇవ్వాలని సూచించింది. 2025 మే 23న పశ్చిమ బెంగాల్‌కు చెందిన ఒక కేసులో, నిందితుని దోషిగా నిలిపియుండి కూడా సుప్రీంకోర్టు శిక్ష విధించలేదు. ఆ బాలికను అసలు గాయపరిచినది జరిగిన నేరం కంటె, ఆమెను వదిలివేసిన కుటుంబం, వేలెత్తి చూపిన సమాజం, కోర్టుల చుట్టూ తిప్పిన వ్యవస్థేనని గ్రహించింది. అది అసాధారణ అధికారంతో ఇచ్చిన తీర్పు. అందరికీ లభిస్తుందని ఆశించరాదు.

ఇంటివారి చేతిలో ఉన్నది

పిల్ల బడి మానకుండా చూడడం మొదటి రక్షణ. ఇటుక బట్టీలకు, మిరప కోతలకు తల్లిదండ్రులు వలస పోయినప్పుడు బాలికను వసతి గృహంలోనో, నమ్మకమైన బంధువుల వద్దనో ఉంచి బడి నిలపడం అవసరం. రెండవది, ఇంటిలో మాట్లాడగల మనిషి ఒకరైనా ఉండడం. అమ్మ కానివ్వండి, పిన్ని కానివ్వండి, అమ్మమ్మ కానివ్వండి, నెలసరి తప్పిన నాడు భయపడకుండా చెప్పుకోగల చోటు బాలికకు కావాలి. ఆడపిల్లకు చెప్పే నీతిలో సగమైనా మగపిల్లవాడికి చెప్పాలి.

2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రులలో ఈడు పిల్లల సలహా కేంద్రాలున్నాయి; కర్ణాటకలో 'స్నేహ', ఒడిశాలో 'శ్రద్ధ', మహారాష్ట్రలో 'మైత్రి' అన్న పేర్లతో నడుస్తున్నాయి. ఆపదలో బాలలకు 1098, స్త్రీలకు 181, ఉచిత న్యాయ సహాయానికి 15100 నెంబర్లు ఏ రాష్ట్రంలోనైనా పనిచేస్తాయి. కాన్పయిన బాలిక సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదవ తరగతి పూర్తి చేయవచ్చు.

బిడ్డ తప్పటడుగు వేసినదని తెలిసిన ఆ మొదటి రాత్రి ఇంటిలో ఏమి జరుగుతుందన్నదానిపైనే ఆమె శేష జీవితం ఆధారపడి ఉంటుంది. ఆ రాత్రి కావలసినది పురోహితుడు కాదు, పంచాయతీ పెద్ద కాదు. మరునాడు తెల్లవారగానే బాలికను చేయిపట్టుకొని ఆసుపత్రికి నడిపించే పెద్దదిక్కు.